వేటపాలెం కాయితాలు దాచుకున్నది, మనమేం దాచుకున్నం?

"వేటపాలెం ముచ్చట మనకెందుకన్నా?"

ఈ వారం ఏం రాస్తున్నామో చెప్పగానే మా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థి అడిగిన మాట ఇది. నిజమే, న్యాయమైన ప్రశ్నే. ప్రత్యేక రాష్ట్రం కోసం పుట్టిన పత్రికలో, సిరిసిల్ల గురించో పాలమూరు గురించో రాయాల్సిన జాగాలో, చీరాల పక్కన ఉన్న ఒక చిన్న పట్నం గురించి రాయడమేమిటి? మన ఊళ్ల చరిత్రే ఎవరూ రాయలేదని అరవై ఏండ్లు మొత్తుకున్నం గదా, ఇప్పుడు వాళ్ల ఊరి చరిత్ర మనం రాయాల్నా?

రాయాలనే మేము అనుకుంటున్నాం. వాళ్ల మీద ప్రేమ పొంగిపొర్లి కాదు. మన మీద మనకు కోపం వచ్చి.

వేటపాలెం సముద్రానికి దగ్గరగా, విజయవాడ నుంచి మద్రాసు పోయే రైలు దారి మీద ఉన్న ఊరు. చీరాల అసెంబ్లీ నియోజకవర్గంలో ఒక మండల కేంద్రం. మగ్గాల ఊరు, జీడిపప్పు ఊరు. మొదట గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు అందులోకి పోయింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 2022లో మళ్లీ జిల్లాలు చీల్చినప్పుడు బాపట్ల జిల్లాలో పడ్డది. ఊరు ఉన్నచోటనే ఉన్నది, పైన బోర్డులే మారినయి. జిల్లాలు మారినా మారనిది ఆ ఊళ్లో ఒకటున్నది. దాని పేరు సారస్వత నికేతనం.

1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి అనే ఆయన పూనుకొని పెట్టిన గ్రంథాలయం ఇది. వి.వి. శ్రేష్ఠి అంటే అక్కడ ఎరుక. ఆయన మంత్రి కాదు, జమీందారు కాదు. ఊరి పడుచు పిల్లలను కూడగట్టి, ఊరి చందాలతో నడిపించిన మనిషి. 1929లో గాంధీ వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేసిపోయారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉన్నది. వేటపాలెం గురించి పేపర్లలో ఎప్పుడు వార్త వచ్చినా ఆ కర్ర ఫోటోయే వేస్తారు. మాకు ఆ కర్ర మీద పెద్ద ఆసక్తి లేదు. గాంధీ తిరగని ఊరు, ఏదో ఒకటి విడిచిపోని ఊరు దేశంలో ఎన్ని ఉన్నాయి గనుక!

అసలు సొత్తు ఆ కర్ర పక్క బీరువాల్లో ఉన్నది. వందేండ్ల నాటి తెలుగు పత్రికలు. వారపత్రికలు, మాసపత్రికలు, దినపత్రికలు, సంపుటాలుగా బైండు చేసి పేర్చినవి. ఇయ్యాల తెలుగులో ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల మీద పరిశోధన చేసేవాళ్లు, అది కథ మీద కానీ, సంఘ సంస్కరణ మీద కానీ, కాంగ్రెస్ మీద కానీ, ఏదో ఒకనాడు ఆ ఊరి రైలెక్కాల్సిందే. విశ్వవిద్యాలయాలు దాచలేనిది ఒక మగ్గాల ఊరు దాచింది.

ఇందులో మనకు పనికొచ్చే కథ ఒకటున్నది. అదేమిటంటే, ఆ గ్రంథాలయం ఏ గాలిలో పుట్టిందీ అన్నది.

వేటపాలెం నుంచి రైల్లో గంట కూడా పట్టని దూరంలో బాపట్ల. 1913 మే నెలలో అక్కడ మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. మద్రాసు రాష్ట్రంలో తెలుగువాళ్లకు ఉద్యోగాల్లో వాటా లేదని, చదువుల్లో వెనుకబాటని, పెత్తనమంతా అరవవాళ్లదేనని, అందుకని తెలుగు జిల్లాలకు ప్రత్యేక రాష్ట్రం కావాలని బహిరంగంగా చర్చ మొదలుపెట్టింది అక్కడనే. ఇంకోసారి చదవండి: ఉద్యోగాల్లో వాటా లేదు, పెత్తనం పక్కవాళ్లది, మా రాష్ట్రం మాకు కావాలె. ఈ మాటలు మనకు కొత్తవా? ముల్కీ అన్నా, 1985 నాటి 610 జీవో అన్నా మనం అడిగింది ఇదే కదా! 2001 తర్వాత మనల్ని వేర్పాటువాదులని, తెలుగుజాతిని చీల్చేవాళ్లని తిట్టినవాళ్లలో ఎంతమందికి ఈ బాపట్ల సంగతి యాదికి వచ్చింది? తెలుగువాళ్లలో ప్రత్యేక రాష్ట్ర వాదం ఉస్మానియా క్యాంపస్‌లో పుట్టలేదు. కృష్ణకు అవతలనే పుట్టింది.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలె. బాపట్లలోనే రాయలసీమవాళ్లు కొందరు వెనుకాడారు. కోస్తా పెత్తనం కింద పడిపోతామని వాళ్ల భయం. ఆ భయం తీర్చడానికే 1937 నవంబర్‌లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకోవాల్సి వచ్చింది. దాని గతి ఏమైందో సీమ మిత్రులను అడిగితే చెప్తారు. 1956 ఫిబ్రవరి 20 నాటి మన పెద్దమనుషుల ఒప్పందం దానికి తమ్ముడు. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పగానే గుంటూరు, ప్రకాశం జిల్లాలే భగ్గుమన్నాయి. జై ఆంధ్ర అన్నారు, మా రాష్ట్రం మాకిచ్చేయమన్నారు. అక్కడి ఉద్యోగులు నెలల తరబడి సమ్మె కట్టారు, విద్యార్థులు తూటాలకు బలయ్యారు. ఆ నాలుగైదు నెలలు వాళ్లూ మనమూ ఒకే మాట మీద ఉన్నాం. విడిపోదామన్న మాట మీద. ఢిల్లీ ఆరు సూత్రాలతో ఇద్దరి నోరూ మూయించింది.

బాపట్ల సభ జరిగిన మరుసటేడు, 1914లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగారు. ఆ తర్వాత నాలుగేండ్లకు వేటపాలెంలో శ్రేష్ఠి తలుపు తెరిచారు. అంటే ప్రత్యేక రాష్ట్ర ఉద్యమమూ గ్రంథాలయోద్యమమూ జంట ఎడ్ల లాగ నడిచాయన్నమాట. వాళ్లకు రాష్ట్రం రావడానికి 1953 అక్టోబర్ 1 దాకా, అంటే నలభై ఏండ్లు పట్టింది. ఈ నలభై ఏండ్లలో లేచిన సభలు, చేసిన తీర్మానాలు, తిట్టుకున్న తిట్లు అన్నీ కాయితం మీద ఉన్నాయి. ఎందుకంటే అవి అచ్చయిన పత్రికలను ఎవరో ఒకరు జాగ్రత్తగా కుట్టి పెట్టారు.

మరి మన దగ్గర గ్రంథాలయాలే లేవా? లేవని ఎవడన్నా అంటే ఒప్పుకోకండి. వేటపాలెం కన్నా పదిహేడేండ్లు ముందు, 1901లోనే హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వెనుక నిలబడ్డారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధని. విజ్ఞాన చంద్రికా మండలి కూడా 1906లో హైదరాబాద్‌లో పుట్టి ఆ తర్వాతే మద్రాసు పోయింది. గ్రంథాలయం అన్న విత్తనాన్ని తెలుగు నేలలో ముందు చల్లినవాళ్లలో మనవాళ్లున్నారు.

అయితే నేల ఒకటి కాదు. 1921 సంవత్సరమే తీసుకోండి. ఆ యేడు వేటపాలెం పక్కనున్న చీరాల, పేరాలలో ఏమైంది? ఆ ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేసి, ఏటా నాలుగు వేలున్న పన్నును నలభై వేలకు పెంచింది తెల్ల సర్కారు. మాకు మునిసిపాలిటీ వద్దని జనం అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ముందు నిలిచారు. పదిహేను వేల జనాభాలో అత్యధికులు ఇండ్లకు తాళాలు వేసి, పిల్లాపాపలతో, మగ్గాలతో ఊరి హద్దు దాటి పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకొని పదకొండు నెలలు ఎండలో, వానలో, చలిలో ఉన్నారు. ఎవరూ లేని ఊరికి ఎవడు పన్ను వేస్తాడు? అదే వాళ్ల లెక్క. దుగ్గిరాలను జైల్లో పెట్టిన తర్వాత ఆ పోరాటం సడలింది. ఎడింబరోలో చదువుకున్న ఆ మనిషి 1928లో క్షయతో, పేదరికంలో కన్నుమూశారు.

అదే 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో ఏమైంది? ఒక సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకట రామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే సభ ఎగతాళి చేసింది. ఆ అవమానం నుంచి ఆ రాత్రికి రాత్రే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు, సురవరం ప్రతాపరెడ్డి లాంటివాళ్లు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించే పని ఎత్తుకున్నారు. కానీ ఇక్కడ సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 ప్రకారం అనుమతి కావాలె. గ్రంథాలయం పెట్టిన మనిషి మీద పోలీసు కన్ను పడేది. అక్కడ పన్ను పెంచినందుకు ఊరు విడిచిపోయే స్వేచ్ఛ అన్నా ఉండె. ఇక్కడ మాతృభాషలో నాలుగు ముక్కలు మాట్లాడితేనే నవ్వులాట. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకొని ఊళ్లు తిరిగారు, జైళ్లూ తిరిగారు. అంత కష్టం మధ్య కూడా సురవరం 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. తెలంగాణలో కవులే లేరన్నవాడికి 354 మంది కవులను చూపించారు. మనం ఉద్యమం పొడుగునా ఆ 354 లెక్కనే చెప్పుకున్నాం. ఎందుకు చెప్పుకోగలిగాం? అది అచ్చయింది గనుక, ఎవరో దాచారు గనుక.

ఇక ప్రముఖుల సంగతికి వద్దాం. ఏ ఊరి చరిత్ర రాసినా చివర్న ప్రముఖుల జాబితా ఒకటి తగిలిస్తారు. వేటపాలెం, చీరాల ప్రాంతానికి అట్లాంటి జాబితా రాస్తే శ్రేష్ఠి ఉంటారు, దుగ్గిరాల ఉంటారు, చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య ఉంటారు. 1989లో, 2004లో చీరాల నుంచి గెలిచిన కొణిజేటి రోశయ్య ఉంటారు. ఈ నాలుగో పేరు చదవగానే మన పాఠకుల మొహాలు ఎట్లా మారుతాయో మాకు తెలుసు. 2009 డిసెంబర్ 7 నాటి అఖిలపక్షం ఆయన అధ్యక్షతనే జరిగింది. 9న ప్రకటన వచ్చింది. 23న వెనక్కి పోయింది. ఆ పదిహేను రోజుల్లో ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్న మనిషి ఏమేం చేయగలిగి ఉండీ చేయలేదో మనం అప్పుడే చాలా రాశాం. 2021లో ఆయన పోయారు, ఇప్పుడు తవ్వడం మా ఉద్దేశం కాదు. వేటపాలెం ఓటరుకూ 23 డిసెంబర్‌కూ సంబంధం అంటగట్టడం అంతకన్నా కాదు. మన కొట్లాట పాలకులతో అని మనమే వెయ్యిసార్లు అన్నాం. అన్న మాట మీద ఉండాలె.

మా ప్రశ్న వేరే. ఆ జాబితాలో లేనివాళ్ల సంగతేమిటి?

వేటపాలేనికి జీడిపప్పు పేరు తెచ్చింది. ఆ పిక్కలు కొట్టి, పొట్టు తీసే ఆడవాళ్ల వేళ్లను జీడి చమురు తింటుంది. వాళ్ల పేరు ఏ జాబితాలోనూ ఉండదు. గుంట మగ్గం మీద కూర్చునే నేతకాడు వాన పడితే గుంటలో నీళ్లు తోడుకుంటూ రోజులు వెళ్లదీస్తాడు. వాడి పేరూ ఉండదు. ఆ చీరాల నేతకూ మనకూ చుట్టరికం కూడా ఉన్నది. ఇయ్యాల మన పుట్టపాక పేరు మీద భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తేలియా రుమాలు ఒకప్పుడు చీరాలలో నేసి అరబ్బు దేశాలకు పంపిందే. ఆ విద్య అక్కడి నుంచే ఇక్కడికి వచ్చిందని నేతన్నలు చెప్పుకుంటారు. సిరిసిల్లలో ఉరి వేసుకున్న నేతన్నదీ చీరాల నేతన్నదీ ఒకే ఆకలి.

అంతకన్నా పెద్దది ఇంకొకటున్నది. 1921లో ఊరు విడిచి పాకలు వేసుకున్నవాళ్ల కథను పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. మంచిదే. అరవై నాలుగేండ్ల తర్వాత, 1985 జూలై 17న, అదే చీరాలకు కూతవేటు దూరంలో కారంచేడులో ఆరుగురు మాదిగలను వేటాడి చంపారు. బతికినవాళ్లు ఊరు విడిచి చీరాలకు వచ్చి శిబిరం వేసుకున్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం నాయకత్వంలో దళిత మహాసభ అక్కడి నుంచే లేచింది. ఆ జనం మళ్లీ తమ ఊరికి పోలేదు, చీరాలలోనే విజయనగర్ కాలనీ అయ్యారు. రెండుసార్లు ఊరు విడిచారు, ఒకే ప్రాంతంలో. మొదటిది విడిచినవాళ్లకు పదకొండు నెలల తర్వాత తిరిగిపోవడానికి ఇండ్లున్నాయి. రెండోది విడిచినవాళ్లకు లేవు. మొదటిది ఊరి ఘనత జాబితాలో ఉంటుంది. రెండోది ఉండదు. జాబితాలు ఎవరు రాస్తారో ఇక వేరే చెప్పాల్నా?

ఇది ఆంధ్రావాళ్లను ఎత్తిపొడవడానికి రాయడం లేదు. ట్యాంక్‌బండ్ మీద 33 విగ్రహాలు పెట్టినప్పుడు అందులో కొమురం భీం లేడని మనం రగిలిపోయాం. 2011 మార్చి 10 మిలియన్ మార్చ్ నాడు ఆ కోపం విగ్రహాల మీదికి పోయింది. ఆ కోపానికి కారణం ఉన్నది. కానీ ఇప్పుడు పెన్ను మన చేతికి వచ్చింది. 2014 జూన్ 2 తర్వాత మన ఊళ్ల చరిత్రలంటూ అచ్చయిన పుస్తకాలు చూడండి. దొర పేరు ఉంటది, గడి ఫోటో ఉంటది, ఎమ్మెల్యే ముందుమాట ఉంటది. ఆ గడికి వెట్టి చేసిన చాకలి, కుమ్మరి, మాదిగ ఇండ్ల పేర్లు ఎన్ని పుస్తకాల్లో ఉన్నాయి? వలిగొండ బి.ఎన్. శాస్త్రి ఒక్కడే శాసనాల వెంట పడి ఊళ్లు తిరిగి రాసినంత కూడా, ఇయ్యాల ఇన్ని విశ్వవిద్యాలయాలు, ఇన్ని అకాడమీలు ఉండి రాయించలేకపోయాయి. సొంత రాష్ట్రంలో కూడా ఇదే గతి అయితే తప్పు ఎవరి మీద వేద్దాం?

ఇంకా చేదు ముచ్చట మిగిలే ఉన్నది. 2011 సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె నడిచింది. ఇది చదువుతున్న ఉద్యోగుల్లో చాలామంది ఆ 42 రోజుల జీతాన్ని పణంగా పెట్టినవాళ్లే. సింగరేణి ఆగింది, బస్సులు ఆగినయి, బడులు మూతపడ్డయి. ప్రతి ఊరి జేఏసీ రోజుకో కరపత్రం వేసింది. మండల కేంద్రంలో దీక్షా శిబిరం రిజిస్టర్లు ఉండె, అందులో ఏ రోజు ఏ కులసంఘం కూర్చున్నదో, ఏ ఊరి ఆడవాళ్లు వచ్చారో సంతకాలతో సహా రాసి ఉండె. ఇప్పుడు ఆ రిజిస్టర్లు ఎక్కడున్నాయి? ఏ టెంటు హౌసోళ్ల మూటలోనో, ఏ నాయకుని అటక మీదనో. ఎక్కువ వాటిని చెదలు తిని ఉంటది. కొన్నిటితో మిర్చీబజ్జీలు కట్టి ఉంటారు. నవ్వులాటకు అనడం లేదు.

ముందు మేమే ఒప్పుకోవాలె. మా పత్రిక పాత సంచికలు పూర్తిగా మా దగ్గరే లేవు. ఆఫీసు మారినప్పుడల్లా కొన్ని పోయినయి. ఒకసారి వానకు కట్టలకు కట్టలే తడిసి ముద్దయినయి. వారం వారం చరిత్ర రాస్తున్నామని గొప్పలు చెప్పుకున్నోళ్లం, ఆ రాసింది దాచుకునే సోయి లేకపోయింది. రేపు ఏ పరిశోధకురాలో వచ్చి ఒక పాత యేడు సంచికలు చూపించండని అడిగితే తలవంచుకోవాల్సిందే. వేటపాలెంలో 1918 నాడు ఒక వర్తకుల ఇంటి మనిషికి తట్టిన ఆలోచన మాకు తట్టలేదు.

సర్కారు ఏం చేస్తున్నదంటారా? గ్రంథాలయాల చట్టం 1960 నుంచి ఉన్నది. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. కట్టేది మనమే, వసూలు చేసేది పంచాయతీ, మునిసిపాలిటీ. కానీ వసూలైన సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు సరిగ్గా బదలాయించరన్న ఫిర్యాదు ఉమ్మడి రాష్ట్రం నాటిదే, విడిపోయిన తర్వాత కూడా పోలేదు. పాలకులు మారినా ఎనిమిది పైసల కథ మారలేదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీ కోసం లైను కట్టే పిల్లలను చూడండి. వాళ్లు చదివేది పోటీ పరీక్షల పుస్తకాలు, అదీ ఇంటి నుంచి తెచ్చుకున్నవి. వాళ్లను తప్పు పట్టం, కొలువుల కోసమే గదా రాష్ట్రం అడిగింది! కానీ తెలంగాణ ఉద్యమ చరిత్ర మీద పరీక్షలో ప్రశ్న వస్తే గైడు బట్టీ పట్టాల్సిన గతి వాళ్లకెందుకు? ఆ ఉద్యమం వేసిన కరపత్రాన్నే చేతిలోకి తీసుకొని చదవగలిగే బీరువా ఒక్కటి జిల్లాకు ఒకటి ఎందుకు లేదు?

దీనికి కోట్లు అవసరం లేదు. జిల్లా గ్రంథాలయంలో ఒక గది, రెండు ఇనుప బీరువాలు, బైండు చేసే మనిషి ఒకరు. ఉద్యోగ సంఘాలు తమ తీర్మానాల పుస్తకాలు, సమ్మె నోటీసులు అక్కడ అప్పజెప్పితే చాలు. విద్యార్థులు సెలవులకు ఊరికి పోయినప్పుడు 1969లో కొట్లాడిన ముసలోళ్ల దగ్గర కూర్చొని, వాళ్లు చెప్పింది ఫోనులో రికార్డు చేసి, పేరు, ఊరు, తేదీ రాసి ఇస్తే చాలు. ఆ తరం రోజుకింత తరిగిపోతున్నది. చందాలు ఎత్తి ఊరేగింపులు తీయడం మనకు తెలిసిన విద్యే, అదే చందాతో ఇది కూడా అవుతది.

మా వంతుగా మొదలుపెడుతున్నాం. మొదటి సంచిక నుంచి వరుస పెట్టి చూస్తే మా దగ్గర చాలా వారాలు ఖాళీగా ఉన్నాయి. పాత సంచికలు, సకల జనుల సమ్మె కరపత్రాలు, దీక్షా శిబిరాల రిజిస్టర్లు ఎవరి ఇంట్లో ఉన్నా మాకు చూపించండి. ఇచ్చేయమని అడగం. జిరాక్స్ తీసుకొని, ఎవరు ఇచ్చారో వెనుక పేరు రాసుకొని, అసలు కాయితం వాపసిస్తాం. చిరిగినా, తడిసినా, సగమే ఉన్నా ఫరవాలేదు, తెండి.